జీతం లేని పనికి విమానమెక్కాలా?

ఈ నెల ప్రశ్నల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో చాలావాటిది ఒకటే గోల. విదేశంలో ఏదో ఒక తోటలోనో డెయిరీలోనో వాలంటీర్‌గా కొన్నాళ్లు పనిచేసి రావాలని. నల్గొండ, పాలమూరు వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. ముంబైకో దుబాయికో వలస పోవడం మన దగ్గర కొత్త కాదు గానీ, జీతం వద్దు, పని చేసొస్తాం అనడం మాత్రం కొత్తే. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి వీటికే చోటిచ్చాం.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నా వయసు 24, అగ్రికల్చర్ బీఎస్సీ అయిపోయింది. ఐదెకరాలుంది, రెండెకరాలు బత్తాయి, మిగతాది పత్తి. న్యూజిలాండ్‌లో గానీ యూరప్‌లో గానీ సేంద్రియ తోటల్లో నాలుగు నెలలు వాలంటీర్‌గా ఉండి రావాలని ఉంది. తిండి, ఉండడానికి చోటు వాళ్లే ఇస్తారట. నాన్నకు చెప్తే "మన చేన్ల కలుపు తీసెటోళ్లు దొరకక చస్తుంటే, కూలి లేకుండ పరాయి దేశంల గడ్డి పీకనీకి పోతవారా?" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు. ఎలా ఒప్పించాలి? ఏమేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, మీ నాన్న అడిగింది మంచి ప్రశ్న. దానికి 'ఎక్స్‌పోజర్ వస్తుంది నాన్నా' అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. ఆయనకు కావాల్సింది లెక్క: ఎంతవుతుంది, ఎవరు పెడతారు, ఎప్పుడు పోయి ఎప్పుడొస్తావు, నువ్వు లేని రోజుల్లో మోటారు ఎవరేస్తారు. ఇవి ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు, మాటలు వాటంతటవే మొదలవుతాయి.

ఆ కాగితంలో మొదటి వరుసలో రాయాల్సింది ఇది: దీనివల్ల పైసా రాదు. మన ఇళ్లల్లో పిల్లాడు విమానం ఎక్కుతున్నాడంటే ఎవరో ఒకరు మనసులో లెక్కలు వేయడం మొదలుపెడతారు. అమ్మ కాకపోతే మేనమామ, "మొదట ఉత్తగనే చేస్తడు, తర్వాత అక్కడే ఏదో పని చూసుకుంటడు" అని. నీ మనసులో కూడా అలాంటిది మూలన ఎక్కడైనా ఉందేమో చూసుకో. ఉంటే ఇది నీకు పనికొచ్చే దారి కాదు, జీతం వచ్చే వీసా దారులు వేరే ఉన్నాయి, వాటిని చూడు. వాలంటీర్‌గా పోవడమంటే సొంత ఖర్చుతో చదువుకోవడానికి పోయినట్టే. టికెట్, వీసా ఫీజు, ఇన్సూరెన్స్, సభ్యత్వం, చేతి ఖర్చులు అన్నీ నీవే. ఇవి కాక, ఏ రాత్రి ఫోనొచ్చినా తిరిగి రావడానికి సరిపడా డబ్బు ముట్టుకోకుండా ఉంచుకోవాలి. రెండు రూపాయల మిత్తికి తెచ్చి మాత్రం పోవద్దు. జీతం లేని నాలుగు నెలలు మిత్తి ఆగదు కదా.

ఇక పని సంగతి. నువ్వు చెప్పిన పద్ధతిని 'వూఫ్' అంటారు. 1971లో ఇంగ్లండ్‌లో స్యూ కాపర్డ్ అనే ఆవిడ మొదలుపెట్టింది. లండన్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్లు శని ఆదివారాల్లో పల్లెకు పోయి సేంద్రియ క్షేత్రంలో ఓ చెయ్యి వేసి రావాలన్నది అప్పటి ఆలోచన. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, మన దేశంలోనూ ఉంది. ఏ దేశానికి ఆ దేశపు సంస్థ వేరు, సభ్యత్వం వేరు. రోజుకు మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటల పని, బదులుగా తిండి, పడక. కలుపు, కంపోస్టు తిరగేయడం, కొమ్మలు కత్తిరించడం, కోళ్లకు మేత, కంచె బాగుచేయడం, కాయ కోత లాంటి పనులు. డిగ్రీ ఉంది కదా, సలహాలు ఇస్తాను అంటే కుదరదు, పేడ తట్ట పట్టుకోవాలి. నా మాట వింటే ముందు మన దేశంలోనే ముక్కూమొహం తెలియని రైతు దగ్గర ఒక నెల చేసిరా. మన చేన్లో చేయడం వేరు, ఇంకొకరి చేన్లో వాళ్లు చెప్పినట్టు చేయడం వేరు. అది పడుతుందా లేదా అన్నది చవగ్గా తేలిపోతుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం, వీసా. నువ్వు దాన్ని సేవ అంటున్నావు, కానీ చాలా దేశాల ఇమిగ్రేషన్ వాళ్లు పని అంటారు. న్యూజిలాండ్‌లో తిండికీ బసకూ బదులుగా చేసినా అది పనే, విజిటర్ వీసా మీద చేయకూడదు, పని చేయడానికి అనుమతి ఉన్న వీసా కావాలి. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద 30 రోజుల దాకా వాలంటీర్‌గా ఉండొచ్చు గానీ, అదీ రిజిస్టరైన ధార్మిక సంస్థ దగ్గరే, మామూలు రైతు దగ్గర కాదు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీదైతే 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండలేవు, కాబట్టి నీ నాలుగు నెలల ప్లాన్ అక్కడే ఆగిపోతుంది. పైగా ఏ దేశానికి పోతున్నావో ఆ దేశం ఈ పనిని ఒప్పుకుంటుందా అన్నది ఆ ఎంబసీకి మెయిల్ రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. షెంగెన్‌కు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి.

నీ వయసుకు సూటిగా ఉన్న దారి ఆస్ట్రేలియాది. అక్కడి వర్క్ అండ్ హాలిడే వీసా 2024 నుంచి మనవాళ్లకూ ఇస్తున్నారు. 18 నుంచి 30 ఏళ్లవాళ్లకు, ఏడాదికి 1,000 మందికి, లాటరీ తీసి. పేరొస్తే ఏడాది ఉండొచ్చు, వాలంటీర్‌గానైనా జీతానికైనా చేయొచ్చు. అయితే రెండో ఏడాదికి పొడిగించుకోవాలంటే పల్లె ప్రాంతాల్లో మూడు నెలలు పని చేసినట్టు చూపాలి, ఆ లెక్కలోకి జీతం తీసుకున్న పనే వస్తుంది, ఉత్తగ చేసింది రాదు. వేలమంది మధ్య లాటరీ కాబట్టి దాని మీదే ఆశలన్నీ పెట్టుకోకు.

"టూరిస్టునని చెప్పి వచ్చెయ్, ఎవరూ అడగరు" అనే హోస్టులు కొందరు ఉంటారు. అడిగేది నిన్ను, వాళ్లను కాదు. ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపితే, తర్వాత ఏ దేశపు ఫారం నింపినా 'ఎప్పుడైనా వెనక్కి పంపారా' అన్న గడి దగ్గర నీ పెన్ను ఆగుతుంది.

ఎప్పుడు పోవాలన్నది మీ చేను చెప్తుంది. జూన్, జులైల్లో పత్తి గింజ పెట్టాలి, ఆగస్టు నుంచి బత్తాయి సీజన్ కాపు, దసరా దాటితే పత్తి ఏరుడు. జనవరి దాకా నువ్వు కదిలితే మీ నాన్న కోపానికి అర్థముంది. ఫిబ్రవరి నుంచి మే దాకా కాస్త వీలు. అప్పుడు యూరప్‌లో వసంతం, నాట్లు మొదలయ్యే కాలం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఆపిల్, ద్రాక్ష, కివీ కోతలు. కాకపోతే మన దగ్గర బోర్లు ఎత్తిపోయేదీ ఆ నెలల్లోనే. ఏప్రిల్‌లో బత్తాయికి నీళ్లు తప్పితే చెట్లే పోతాయి. నువ్వు లేని ఆ నెలలు మోటారు చూసుకోవడానికి మనిషిని మాట్లాడి, వాడి కూలి డబ్బులు ముందే నాన్న చేతిలో పెట్టు. నువ్వు చెప్పే వంద మాటల కంటే ఆ డబ్బు బాగా మాట్లాడుతుంది.

పట్టా పాసుపుస్తకం గానీ పంట రుణం గానీ నీ పేరు మీద ఉంటే రెన్యువల్ తేదీ చూసుకో, సంతకం పెట్టాల్సింది నువ్వే. పోయేలోపే అది ముగించు. భూమి అమ్మే అధికారం లేకుండా, బ్యాంకు పనుల వరకే నాన్నకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే చాలు. ఊళ్లో ఎవరో అన్నారని అన్నీ కలిపిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయొద్దు, ఎవరికైనా సరే.

అక్కడ ఏం చూడాలో కూడా అనుకుని పో. మన దగ్గర బత్తాయి టన్నుకు ఇంత అని సూట్ (తరుగు) కోసి, కాయ సైజు బాగాలేదని ఇంకొంత కోసి, చివరికి రేటు కూడా కొనేవాడే చెప్తాడు. చిన్న పండ్ల రైతు తన తోట గేటు దగ్గరే తూకం పెట్టి, తనే ధర రాసి అమ్ముకునే చోట నువ్వు ఒక నెల నిలబడగలిగితే, గ్రేడింగ్ ఎలా చేస్తున్నాడు, పగిలిన కాయ ఏం చేస్తున్నాడు, రసమా జామా, డబ్బా ఎక్కడిది, ఇవన్నీ రాసుకో. మీ నాన్న వినేది ఈ కబుర్లే.

ప్రశ్న: మాది కొల్లాపూర్. హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ యూరప్‌కు 'వాలంటీర్ వీసా' ఇప్పిస్తానంటున్నాడు. రెండున్నర లక్షలు, సగం ముందే కట్టాలట. మూడు నెలలు ఫామ్‌లో ఉచితంగా చేస్తే తర్వాత పర్మినెంట్ చేస్తారట. నమ్మొచ్చా?

జవాబు: వద్దు, అన్నా. పాలమూరు కూలీల్ని తీసుకుపోయే గుంపు మేస్త్రీలు ఎన్ని బాధలు పెట్టినా, అడ్వాన్సు మాత్రం వాళ్లే మన చేతిలో పెట్టేవాళ్లు. ఈయన ఎవరో మన పనీ ఉచితంగా కావాలి, అడ్వాన్సూ మనమే ఇవ్వాలి అంటున్నాడు.

నిజంగా వాలంటీర్‌గా తీసుకునే రైతుతో నువ్వే నేరుగా మాట్లాడుకుంటావు, మధ్యలో లక్షలు తీసుకునే మనిషికి అక్కడ పనేం లేదు. ఉద్యోగమే అయితే దానికి చట్టముంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాల్లో పనికి మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనపడుతుంది. ఆ ఏజెంటు కూడా తన సర్వీసుకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, ఇంతకు మించి తీసుకోకూడదు. రెండున్నర లక్షలు అన్నప్పుడే ఆయన సంగతి తెలిసిపోయింది. మన రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, అక్కడ అడుగు. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే రసీదు, మెసేజ్‌లు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా పోలీసులకూ, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకూ ఫిర్యాదు ఇవ్వు.

'తర్వాత పర్మినెంట్' అన్న మాటకు అసలు అర్థం నీకు తెలియనిది కాదు. గల్ఫ్ పోయొచ్చినవాళ్లను అడుగు, ఖల్లివెల్లి బతుకు, అంటే కాగితాల్లేకుండా దాక్కుని బతకడం, ఎలా ఉంటుందో. యూరప్‌లో అయినా అదే బతుకు, చలి అదనం.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను. నాకు 23. ఇటలీలో ఒక ఆలివ్ తోటవాళ్లు రమ్మన్నారు. అమ్మకు భయం, తెలియని వాళ్లింట్లో ఎలా ఉంటావని. నాకూ లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది.

జవాబు: చెల్లీ, ఆ టెన్షన్‌ను తీసిపారేయకు, దాన్నే ప్రశ్నలుగా మార్చి వాళ్లను అడుగు. నాకు విడిగా గది ఉందా, లోపలి నుంచి గడియ పడుతుందా? ఇంట్లో ఎవరెవరుంటారు? ఆ రోజుల్లో వేరే ఆడవాళ్లు ఎవరైనా వాలంటీర్లుగా ఉంటారా? బస్సో రైలో ఎంత దూరంలో ఆగుతుంది, నేనే నడిచి పోగలనా? రోజుకు ఎన్ని గంటల పని, సెలవు ఎప్పుడు? బీఫ్, పోర్క్ తినను అంటే ఇబ్బందా? ఇంతకుముందు అక్కడ ఉండి వెళ్లిన అమ్మాయిల్లో ఇద్దరితో నేరుగా మాట్లాడించమను. మంచివాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. 'ఇన్ని అనుమానాలైతే రాకు' అన్నారంటే, మంచిదే, పోకు.

ఒకసారి వీడియో కాల్‌లో అమ్మను కూర్చోబెట్టు. భాష రాకపోయినా ఫరవాలేదు, వంటిల్లు, గది, ఆ ఇంటావిడ ముఖం చూస్తే అమ్మకు సగం సంగతి అర్థమైపోతుంది. మన అమ్మలు పెళ్లిచూపుల్లో అలాగే తేల్చేస్తారు కదా.

పాస్‌పోర్టు ఎవరి చేతికీ దాచమని ఇవ్వకు, ఆ ఇంటి యజమానికైనా సరే. ఫోటోకాపీ ఇస్తే చాలు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో ఆపదొస్తే నొక్కాల్సిన నంబరు 112, మన దగ్గరిదే. ఆ ఇంటి అడ్రసు పూర్తిగా కాగితం మీద రాసి అమ్మ దగ్గర ఒకటి, నీ సంచిలో ఒకటి ఉంచు, ఫోనులో మాత్రమే కాదు. నచ్చకపోతే మర్నాడే బయటికొచ్చి ఏ హాస్టల్‌లోనో నాలుగు రోజులు ఉండి టికెట్ మార్చుకునే డబ్బు విడిగా పెట్టుకో. ఆ డబ్బు ఉంటే తప్పనిసరై ఎక్కడా ఉండాల్సిన పని పడదు. ఇక వీసా గురించి పైన తమ్ముడికి చెప్పిందంతా నీకూ వర్తిస్తుంది, పని ఆలివ్ చెట్ల కింద చేసినా పనే.

ప్రశ్న: మాది గద్వాల. ఆస్ట్రేలియా లాటరీ వీసాలో మా అబ్బాయి పేరొచ్చింది, మే నెలలో పోతున్నాడు. మొదట తోటల్లో వాలంటీర్‌గా ఉంటాడట. అక్కడి ఆసామికి ఇద్దామని మా చేలో కంది విత్తనాలు, ఇంటి నెయ్యి, మామిడికాయ పచ్చడి సిద్ధం చేశాను. ఇంకేం కట్టియ్యాలి?

జవాబు: అమ్మా, మీ మనసు పెద్దదే గానీ విత్తనాలు మాత్రం సంచిలోంచి తీసేయండి. విత్తనం, మొక్క, పచ్చి కరివేపాకు, మట్టి, ఇవంటే ఆస్ట్రేలియా వాళ్లకు హడల్. బయటి తెగుళ్లు వాళ్ల పంటలకు తగులుతాయని. నెయ్యి కూడా వద్దు. పచ్చడి ఇంట్లో సీసాలో కట్టింది కాకుండా, లేబుల్ ఉన్న సీల్డ్ ప్యాకెట్ అయితే మేలు, అదీ విమానంలో ఇచ్చే ఫారంలో తిండి పదార్థాలున్నాయని రాయమనండి. రాసి చూపిస్తే మహా అయితే తీసి చెత్తబుట్టలో వేస్తారు. దాచి దొరికితేనే జరిమానా. పక్కనే ఉన్న న్యూజిలాండ్‌లో అయితే అక్కడికక్కడే 400 డాలర్లు వేస్తారు.

పాత బూట్లు తీసుకుపోతుంటే అడుగున గాట్లలో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకి, కడిగి, ఎండబెట్టి పెట్టండి. అబ్బాయిలు పైపైన తుడిచి సరే అంటారు, మీరే బోర్లేసి చూడండి. మన ఎర్రమట్టి రవ్వంతున్నా పక్కకు పిలుస్తారు.

మే అంటే అక్కడ చలి మొదలయ్యే కాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. మన ఎండల్లో కొన్న పల్చటి చొక్కాలు కాదు, ఉన్ని బనియన్, వాన కోటు, మందం సాక్సులు పెట్టండి. ధనుర్వాతం టీకా పదేళ్లలోపు వేయించుకోకపోతే ఇప్పుడే వేయించండి, తుప్పు పట్టిన కంచెలు, పేడ మధ్య పని. వాడే మందులుంటే డాక్టరు చీటీతో సహా ఇంగ్లిష్‌లో ఉండాలి. కళ్లద్దాలుంటే ఇంకో జత.

ఆసామికి ఏదైనా ఇవ్వాలనే ఉంటే గద్వాల వాళ్లు మీరు, వెతుక్కోవాలా? ఒక చేనేత వస్త్రం పెట్టండి. దానికి ఏ అధికారీ అడ్డం చెప్పడు.

ప్రశ్న: కెన్యాలో ఒక సంస్థ పొలంలో మూడు నెలలు సేవ చేయడానికి పోతున్నాను. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? (మిర్యాలగూడ)

జవాబు: వేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు మనవాళ్లే అడుగుతారు, కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో ప్రైవేటు క్లినిక్‌లోనో వేయించుకుంటే చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేసుకుంటే ఆ పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది, పారేసుకోవద్దు. మలేరియా మాత్రల సంగతీ అక్కడి డాక్టర్నే అడగండి.

ప్రశ్న: డబ్బు ఎలా తీసుకుపోవాలి? ఇక్కడి సిమ్ తీసేయాలా? (సూర్యాపేట)

జవాబు: ఎక్కువ భాగం ఫారెక్స్ కార్డులో వేసుకోండి, కొద్దిగా నోట్లు. నోట్ల రూపంలో మామూలుగా 3,000 డాలర్ల వరకే అనుమతి, అంత కూడా చేతిలో పట్టుకుని తిరగొద్దు.

సిమ్ తీసేయొద్దు. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని పోండి, నంబరు ఆగిపోకుండా ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి రీఛార్జ్ చేస్తుండాలి. బ్యాంకుకు ఓటీపీ, ఆధార్‌కు ఓటీపీ, సీసీఐకి (కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ) పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకోవాలన్నా ఓటీపీ. చాలా ఇళ్లల్లో అమ్మానాన్నల ఖాతాలకు కూడా కొడుకు నంబరే ఇచ్చి ఉంటారు. పత్తి బండి మిల్లు గేటు దగ్గర, ఓటీపీ మీ జేబులో, మీరు నిద్రలో, అక్కడ అర్ధరాత్రి. పోయే ముందు నాన్న ఖాతాకు నాన్న నంబరే మార్పించండి, ఆయనకు మెసేజ్ తెరిచి అంకెలు చదవడం నేర్పించండి.